గాడిద కరిచిన వేలు

మా ఇన్షిరాహ్ అత్త లెక్క ప్రకారం మా వంశంలో అందరూ ముసలితనంతోనే పోయారు. చెరుకు లారీ కింద పడ్డ మా చిన్నతాతది కూడా ముసలితనమే. మా ఊరు మల్లవిలో ఏ సంబంధం వచ్చినా ఇంటి తరఫున మాట్లాడేది ఆవిడే. ఆవిడ నోటి చలవ వల్ల మా ఇంటి పిల్ల ఒక్కతీ పెళ్లి కాకుండా మిగల్లేదు.

ఆవిడ పెద్దకూతురు నగాత్‌ని మా అన్నకే ఇచ్చారు, అంటే మా వదిన. నాలుగో నెల. అత్తనీ, వదిననీ, మా నాన్న షహాతానీ నా ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"మీ ఇంట్లో ఎవరికైనా కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరగడం, ఫిట్స్ రావడం జరిగిందా? ఉంటే ఇప్పట్నుంచే మాత్ర వాడాలి. దాచారంటే తల్లికీ బిడ్డకీ ముప్పు" అంది డాక్టరమ్మ.

అత్త ముసుగు సర్దుకుంది. "మా పిల్ల బంగారం డాక్టరమ్మా. బాతు వండిందంటే వీధంతా వాసనే."

"నేను పెళ్లిచూపులకి రాలేదమ్మా."

శనివారం అత్త చిన్నకూతుర్ని చూసుకోవడానికి పెళ్లివారు వస్తున్నారు. తలుపవతల బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఎవరు ఎవరి చుట్టమో. అత్త గొంతు తగ్గించింది. "మా వైపు ఏమీ లేదు. మొగుడి వైపు అడగండి."

"మా వైపా? పిల్ల తల్లి వైపు చూసుకోండి ముందు" అన్నాడు నాన్న.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"అక్కాతమ్ముళ్లం" అన్నారిద్దరూ.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీ అమ్మగారు ఎలా పోయారు?"

"ముసలితనం" అంది అత్త.

"ఎన్నో ఏట?"

"పాతికో ఏట" అన్నాడు నాన్న. అత్త గుడ్లురిమి చూసేసరికి ఆయనకి రోషం వచ్చింది. "నన్నేం చూస్తావ్? నగాత్ పుట్టిన పూట కాన్పు గదిలో..." అంటూ వంకర వేలొకటి ఎత్తి, నాలుక కరుచుకున్నాడు.

"అది గాడిద కరిచింది కదా మామయ్యా?" అంది వదిన.

"గాడిదే."

"నేను పుట్టిన పూట కాన్పు గదిలోకి గాడిదెందుకొచ్చింది?"

వదిన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అమ్మా, రేపు నేను పోతే ముసలితనమనే చెప్తావా?"

అత్త తలుపు వంక చూసింది. తర్వాత అవతలికి కూడా వినబడేలా చెప్పింది. "రాసుకోండి. ఆ గాడిదని నేనే. ఫిట్సొచ్చి నా ఒళ్లంతా కొట్టుకుంటుంటే నాలుక తెగుతుందని వీడు నోట్లో వేలు పెట్టాడు. మా అమ్మా అలా కొట్టుకునే పోయింది."

ఆ మాట శనివారంలోపే ఊరంతా పాకింది. ఆ రోజు పెళ్లివారి ముందే వదిన మాత్ర వేసుకుంది. అదెందుకని పెళ్లికొడుకు తల్లి అడిగింది.

"గాడిద కరవకుండా" అంది అత్త.

పెళ్లికొడుకు తల్లి టీ గ్లాసు కింద పెట్టింది. "మా ఇంట్లోనూ ఇద్దర్ని కరిచింది" అంది మెల్లగా.

సంబంధం ఖాయమైంది.

ఎనిమిదో నెలలో వదినకి బీపీ పెరిగింది. ముందే తెలుసు కాబట్టి పెద్దాసుపత్రిలో ఉంచుకుని కనిపెట్టుకున్నారు. తల్లీపిల్లా ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. నాన్న మాత్రం కాన్పు రోజంతా చేతులు జేబుల్లోంచి తీయలేదు.