గుడ్లున్న పిల్లచేప

చేపల పరిశోధన ఆఫీసు తరఫున కళింగపట్నం ఒడ్డున చేపల్ని కొలవడం నా ఉద్యోగం. పొద్దున్న పడవలు రాగానే బుట్టల్లోంచి కొన్ని కానాగంత చేపలు అడిగి తీసుకుంటాను. స్కేలు అతికించిన చెక్క మీద పెట్టి పొడవు చూసి, పొట్ట కోసి, గుడ్లున్నాయో లేదో రాసుకుంటాను. మాది వరి పండించే ఇల్లు. మొదటి నెలంతా చేతుల వాసనకి అన్నం సయించేది కాదు. తర్వాత ఆ వాసన తెలియడం మానేసింది.

ఏనాడూ కాదనకుండా చేపలిచ్చే పెద్దాయన ఒకరుండేవారు. మావా అని పిలిచేదాన్ని. ఆయన భార్యని అత్తా అనేదాన్ని. ఆమె ఆ పక్కనే ఇసకలో చేపలు ఎండబెట్టేది.

ఒకరోజు నా అరచెయ్యంత కూడా లేని కానాగంతని కోస్తే లోపల నిండా గుడ్లు.

"పిల్లసేపకి గుడ్లేటమ్మా?" అన్నాడు మావ.

"పిల్ల కాదు మావా, ఈడొచ్చిందే. నీళ్లు వేడెక్కితే తొందరగా ఈడుకొచ్చేస్తాయట, ఇంక పెరగవట. అలాంటివే మిగిలి గుడ్లు పెడితే, వాటి పిల్లలూ అంతేనట." ఆఫీసులో మా సారు చెప్పిన మాటలే అవి.

"మరి పెద్దసేపలు ఏటైపోనాయి?"

"కొన్ని చల్లటి నీళ్లకోసం లోతుకి పోతాయట."

మావ సముద్రం వైపు చూశాడు. "అయితే మనమూ ఎల్లాల."

ఆ వారమే ఆయనా, ఆయన తమ్ముడూ రోజూ వెళ్లే చోటు దాటి చాలా లోపలికి వెళ్లారు. పడవ బోల్తా పడింది. తమ్ముణ్ణి వేరే పడవవాళ్లు తీసుకొచ్చారు. మావ దొరకలేదు.

కబురు తెలిసేసరికి నా చేతిలో చేప ఉంది. దాని పొడవు రాశాను. ఇంకోటి తీసుకున్నాను. ఇంటికెళ్లి స్నానం చేసి అన్నం తిన్నాను. నేనా మాట అనకపోతే వెళ్లేవాడు కాదేమో అనిపించింది. అనిపించింది, అంతే. ఏడుపు రాలేదు.

దినం అయిన కొన్నాళ్లకి అత్త వచ్చి నా పక్కన కూలబడింది.

"లోతుల సల్లగుంటాదని నువ్వే గదా సెప్పినావు?"

"అవునత్తా."

"బాగా సల్లగుంటాదా?"

"ఉంటాది."

తలూపింది. నేను కోసి పడేసిన చేపల్ని గిన్నెలోకి ఎత్తుకుంది. "కూరకొస్తాయి. పారెయ్యకు" అంది.

ఇప్పుడు వాటిని ఆమె కోసం పక్కన పెడుతున్నాను. మావ తమ్ముడు ఒడ్డు దగ్గరే వల వేస్తున్నాడు. ఎక్కువగా చిన్నవే పడుతున్నాయి. నేను వెళ్లి నిలబడితే బుట్ట నా వైపు జరుపుతాడు.