లద్దాఖ్ నుంచి తెచ్చుకున్న నీటితిత్తి

లద్దాఖ్‌లో మా సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎండ కాస్తోంది, వేళ్లు మాత్రం కొంకర్లు పోతున్నాయి. నాది మొగల్తూరు. ఉప్పుగాలికి పెరిగిన ఒళ్లు. రేడియో ఆపరేటర్‌ది రామచంద్రపురం. ఆ కొండమీద తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు.

గొర్రెల కాపరుల కుక్క ఒకటి మా బంకర్‌లో ఉండిపోయింది. వాడు దాన్ని పక్కలోనే పడుకోబెట్టుకునేవాడు. మేం తిన్న కంచాలు అది నాకేది. నీళ్లకు కరువు. మంచుతో తుడిచి మళ్లీ అందులోనే తినేవాళ్లం. ఒకరోజు రేడియోలో కింది నుంచి కబురు: దారి మూసుకుపోయింది, రేషన్ రేపు. వాడు హెడ్‌ఫోన్ తీసి, "మనకేం పర్లేదన్నా, దీనికేం పెడతాం?" అన్నాడు.

కొన్నేళ్లకు, కంటోన్మెంటులో ఉండగా, ఇద్దరికీ కుడి డొక్కలో బరువు మొదలైంది. స్కానింగ్‌లో కాలేయంలో నీటితిత్తులు కనిపించాయి. కుక్క పేగుల్లోని పురుగు గుడ్లు మన కడుపులోకి పోతే వస్తాయట. ముందు నాకు ఆపరేషన్ చేశారు. పొట్ట కోసి, తిత్తి చుట్టూ ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పరిచి, లోపలి నీళ్లు లాగి, పొర తీసేశారు. తర్వాత సీసాలో చూపించారు. లేత తాటిముంజలా ఉంది.

వాడి వంతు వచ్చే నెల. అందాకా మాత్రలు. పొట్ట నొక్కకూడదు, తిత్తి లోపల పగిలితే ప్రాణానికే ముప్పని సర్జన్ మరీ మరీ చెప్పారు. వాడు సెలవు మీద ఇంటికొచ్చాడు. కుట్లు మానేదాకా నేనూ ఇంట్లోనే ఉన్నాను. వాణ్ణి చూసొద్దామని రామచంద్రపురం వెళ్లాను.

వాళ్లమ్మగారు గుమ్మంలో ఎదురొచ్చారు. రెండు చేతులకూ ఆముదం. ఆవిడ కంగారుపడతారని వాడు గ్యాస్ నొప్పని చెప్పాడట. మా వైపు కడుపునొప్పంటే బొడ్డు చోటు తప్పిందనే ముందు అనుమానం, ఆముదం రాసి పొట్ట తోముతారు.

"బొడ్డు జారిందండి బాబూ. గట్టిగా తోమి సర్దాను. ఇప్పుడే కునుకు పట్టింది," అన్నారు.

లోపలికి పరిగెత్తాను. వాడి ఒళ్లంతా దద్దుర్లు. ఊపిరి అందడం లేదు. కారులో రాజమండ్రి తీసుకెళ్లాం. దారిలో ఆవిడ వాడి పొట్టమీద చెయ్యి వేస్తూనే ఉన్నారు. నేను తీసి పట్టుకుంటూనే ఉన్నాను. అక్కడి సర్జన్ వెంటనే పొట్ట తెరిచారు. తిత్తి పగిలిపోయి ఉంది. లోపలంతా కడిగారు. వాడు దక్కలేదు.

తోమినప్పుడే తిత్తి పగిలిందని సర్జన్ నాకు చెప్పారు. అమ్మగారికి చెప్పొద్దని బతిమాలుకున్నాను. వాడి మీద నాకు చెడ్డ కోపం వచ్చింది. అంత ప్రేమగల తల్లితో ఒక్క ముక్క చెప్పి ఉంటే బతికేవాడు. చచ్చినవాడి మీద కోపం ఎవరితో చెప్పుకోను?

సర్వీసు ముగించి మొగల్తూరు వచ్చేశాను. అప్పుడప్పుడూ ఆవిడను చూసొస్తుంటాను. మొన్న వెళ్తే, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు.

"ఇంటికొచ్చిన రోజే తోమి ఉంటే బతికేవాడేమో బాబూ. నేనే ఆలస్యం చేశాను."

కారులోలాగే ఆ చేతులు పట్టుకున్నాను. కళ్లు మూస్తే ఇప్పటికీ ఆ చేతులే.