ముప్పై నిమిషాల బాబాయి

గ్లాసులో కరగనిది కడుపులో కరగదు. బాబాయి జీవితం మొత్తంలో నమ్మిన సిద్ధాంతం ఇదొక్కటే. దేవుణ్ణి కూడా ఆయన ఇంత గట్టిగా నమ్మలేదు. ఇంట్లోకి ఏ మాత్ర వచ్చినా, అది తలనొప్పికైనా, నీరసానికైనా, ముందు గాజు గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళలో పడాల్సిందే. పక్కన గడియారం పెట్టుకుని ఆయన కూర్చోవాల్సిందే. ముప్పై నిమిషాల్లో కరిగితే పాసు, కరగకపోతే ఫెయిలు. గ్రేసు మార్కులు లేవు.

ఆయన ఒక హైస్కూలు సైన్సు ల్యాబులో ముప్పై రెండేళ్ళు అటెండరుగా పనిచేశాడు. అన్నేళ్ళూ ప్రయోగాలు మాస్టార్లు చేశారు, పిల్లలు చేశారు. ఆయన గ్లాసులు కడిగాడు. రిటైరైన మర్నాడే బజారుకెళ్ళి డజను గాజు గ్లాసులు కొనుక్కొచ్చి, "ఇక నా వంతు" అన్నాడు. వీధిలో వాళ్ళు ఆయన్ని గ్లాసు మాస్టారని పిలుస్తారు. వెనకనున్న 'మాస్టారు' కోసం ముందున్న 'గ్లాసు'ని ఆయన క్షమించేశాడు.

ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగాలంటే గుండె ధైర్యం కావాలి. కిటికీలో ఒక గ్లాసు, ఫ్రిజ్ మీద ఒక గ్లాసు, మెట్ల మీద రెండు. దేంట్లో ఏముందో ఆయనకే తెలియాలి. ఒకసారి పిన్ని వాళ్ళన్నయ్య ఎండనపడి వచ్చి, బల్ల మీదున్న గ్లాసెత్తి గటగటా తాగేశాడు.

"అయ్యో బావగారూ! ఇరవై రెండో నిమిషమండీ!" అని బాబాయి గావుకేక పెట్టాడు.

ఆయన గ్లాసుని దూరంగా నెట్టేశాడు. "ఏంటిది? విషమా?"

"విషం కాదు, విటమిను. ఇంకొక్క ఎనిమిది నిమిషాలు దాహం ఆపుకోలేకపోయారా?"

ఆ తర్వాత ఆయన ఎప్పుడొచ్చినా చంకలో తన సీసా తనే తెచ్చుకుంటున్నాడు.

గ్లాసులో ఉన్నది మన మాత్ర కానంతవరకు ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. అమ్మాయికి ఆ అదృష్టం లేకపోయింది.

అమ్మాయి అంటే బాబాయికి అన్న కూతురు. రెండేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉంటూ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తోంది. కౌంటరు పని. వచ్చినవాళ్ళ ముఖానికి ఫ్రేము పెట్టి, చెవుల వెనక సర్ది, అద్దం చూపించాలి. ముఖానికీ ముఖానికీ జానెడు దూరం. మాటలు తక్కువే గానీ, ఎవరి ముక్కుకి ఏ ఫ్రేము నప్పుతుందో ఆమె గుమ్మంలోనే పసిగట్టేది. అలాంటి పిల్ల చెంపల మీద నాలుగు నెలల కిందట ఎర్రటి మచ్చలు లేచాయి. మొదట చిటికెడు, తర్వాత చారెడు. ఒకరోజు ఒకావిడ కళ్ళజోడు పెట్టించుకుంటూ కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఇంకెవరూ లేరా అమ్మా?" అంది. గొంతు తగ్గించే అంది. ఆ షాపులో పదహారు అద్దాలున్నాయి. పదహారింటిలోనూ అమ్మాయి ముఖమే ఉంది.

ఓనరు చెడ్డవాడేమీ కాదు. "కొన్నాళ్ళు వెనక గదిలో లెన్సులు తుడువమ్మా. మూడు నెలల్లో కొత్త షాపు తెరుస్తున్నాం. అప్పటికి ముఖం బాగైతే అక్కడ కౌంటరు నీదే. కాకపోతే..." అని, మిగతా మాట చెప్పకుండా తుడిచే గుడ్డ చేతిలో పెట్టాడు.

వెనక గదికి కిటికీ లేదు. అమ్మాయి పొద్దున చున్నీ ముఖానికి చుట్టుకుని వెళ్ళి, సాయంత్రం చున్నీతోనే వచ్చేది. డాక్టరుకి చూపిద్దామని పిన్ని చెప్పీ చెప్పీ అలిసిపోయింది. అమ్మాయి భయం వేరు. డాక్టరు దీపం వేసి చూసి, "ఇది పోదమ్మా" అంటే? ఆ పైన ఇంకెవర్ని అడగాలి? మాత్రలైతే అంత మాట అనవు. ప్రతి సీసా మీదా ఒక మెరిసే ముఖం నవ్వుతూ ఉంటుంది. అందుకని సీసా కొనుక్కుంది. గుమ్మం దాటేలోపే బాబాయి పట్టేశాడు.

"ఏంటది?"

"ఏం లేదు బాబాయ్."

"ఏమీ లేనిదానికి సీసా ఎందుకమ్మడూ? ఇలా ఇవ్వు." భూతద్దం పెట్టి చదివాడు. "'ఏడు రోజుల్లో మీ ముఖం చంద్రబింబం.' చంద్రుడికే పదిహేను రోజులు పడుతుంది కదే! వీడెవడు ఏడింటిలో చేసేవాడు?"

అయినా న్యాయం తప్పలేదు, మాత్రని గ్లాసులో వేశాడు. ముప్పై నిమిషాలైంది. గంటైంది. మర్నాటికి కూడా అది నీళ్ళ అడుగున గుండ్రాయిలా కూర్చుంది.

"చూశావా తల్లీ? ఇది నీ నోట్లో రైలెక్కి, చక్కగా ఊరంతా చూసుకుని దిగిపోతుంది. టిక్కెట్టు మాత్రం నీది."

రెండో సీసా మీద 'ప్రత్యేక మిశ్రమం' అని ఉంది గానీ, దేన్ని ఎంతెంత కలిపారో లేదు. "మీ పిన్ని కూరలో ఉప్పు వేసే పద్ధతే ఇది. చేతికెంత వస్తే అంత."

వంటింట్లోంచి పిన్ని అంది, "ముప్పై ఏళ్ళుగా గిన్నె నాకి మరీ తిన్నారుగా, అప్పుడు కనబడలేదా ఉప్పు?"

"నీ కూరకి లేబులేది, చదవడానికి?"

మూడో సీసాలో నూనె నింపిన గొట్టం మాత్రలు. బాబాయి ఒకదాన్ని సూదితో పొడిచి వాసన చూశాడు. ఆ కంపుకి పక్కింటి పిల్లి వచ్చి మూడు రోజులు గుమ్మంలోనే కాపురం పెట్టింది. నాలుగోదాని మీద తయారుచేసినవాడి అడ్రసు లేదు. "ఊరు చెప్పడానికి భయపడేవాడు మందెందుకు చేశాడు?" అని బాబాయి దాన్ని మందుల షాపుకి పట్టుకెళ్ళాడు. ఆయన సందు మలుపు తిరగడం చూస్తే చాలు, ఆ షాపతను షట్టరు సగం దించేస్తాడు.

"మాస్టారూ, మీ గ్లాసులకో దండం. జనం మాత్రలు నోట్లో వేసుకుంటారండీ, గ్లాసులో కాదు."

"నోట్లో వేసుకున్నాక నువ్వూ కనబడవు, మాత్రా కనబడదు. గ్లాసులో అయితే ఇద్దరూ దొరుకుతారు."

ఇలా ఐదు వారాలు గడిచాయి. మచ్చలు ముక్కు దాకా పాకాయి. అమ్మాయికి రోజూ ఒకటే లెక్క, కొత్త షాపుకి ఇంకా ఎన్ని రోజులని. "నాకు టైము లేదు బాబాయ్" అంటే, "అందుకేనమ్మా తొందరపడకూడదు" అనేవాడు. ఆ మాటకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. కొట్టుకుంటే నుదురు కూడా ఎర్రబడుతుందని మానుకునేది.

ఇక ఆమెకు మిగిలింది షాపులో తోటి పిల్ల ఇచ్చిన చిన్న డబ్బీ క్రీము. రంగు తేలుతుందని మచ్చలు రాకముందే మొదలుపెట్టి, ఆర్నెల్లుగా రాస్తోంది. రాసిన రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, మానితే రెట్టింపవుతుంది. మళ్ళీ రాస్తుంది. ఆ డబ్బీ ఒకసారి బాబాయి కంటపడింది కూడా. "నోట్లోకి వెళ్ళేదే నా డిపార్టుమెంటు. పైపూతలు మీ పిన్ని చూసుకోవాలి" అన్నాడు. ఇంట్లో ఆయన చూడని వస్తువు ఉంటుందని పిన్ని కలలో కూడా అనుకోలేదు, అందుకని ఆవిడా చూడలేదు.

ఐదో సీసా వచ్చింది. నారింజ రంగు మాత్రలు. దేంట్లో ఏది ఎంతో రాశారు. అడ్రసుంది, తయారుచేసిన తేదీ ఉంది, చంద్రబింబం ఊసే లేదు. గ్లాసులో వేస్తే పన్నెండో నిమిషానికి నీళ్ళన్నీ నారింజ రంగయ్యాయి. బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పాసు! ఫస్టు క్లాసు!"

అమ్మాయి చెయ్యి చాచింది. ఆయన సీసా తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇంకో పరీక్ష ఉంది."

"ఎన్ని నిమిషాలు?"

"నిమిషాలు కాదమ్మడూ, వారాలు."

"ఏం పరీక్ష బాబాయ్ అది?"

"పరీక్ష కాగితం ముందే బయటపెడతారా ఎక్కడైనా?"

ఆ రోజు అమ్మాయి వెనక గదిలో లెన్సులు తుడుస్తూ ఏడ్చింది. తుడిచిన లెన్సులే మళ్ళీ మళ్ళీ తుడవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే సీసా రోజురోజుకీ ఖాళీ అవుతోంది. చివరికి అడిగేసింది.

"సగం మాత్రలు లేవు. తూములో పోశావా?"

"సైన్సుకి త్యాగాలుంటాయమ్మా" అన్నాడు ఆయన, అటు తిరిగి. మర్నాడు అలాంటిదే రెండో సీసా తెచ్చాడు. అదీ ఆయన జేబులోకే పోయింది.

అమ్మాయి ఆయనతో మాట్లాడటం మానేసింది. మామూలుగానే మాటలు తక్కువ కాబట్టి, ఆ సంగతి కనిపెట్టడానికి బాబాయికి నాలుగు రోజులు పట్టింది.

కొత్త షాపుకి ఇంకా మూడు వారాలుందనగా, ఒక పొద్దున పిన్ని కాఫీ ఇస్తూ కెవ్వుమంది. "ఏవండీ, మీ చేతులేంటి పసుపు కొమ్ముల్లా ఉన్నాయి? కాళ్ళు చూపించండి! అయ్యో, కాళ్ళు కూడా!"

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ లోకం మామూలుగానే ఉంది, బాబాయే లోకానికి పచ్చగా కనిపిస్తున్నాడు. పిన్ని ఏడుపుకి వీధి వీధంతా గుమ్మంలో చేరింది. అమ్మాయికైతే గోరుచుట్టు మీద రోకటిపోటే.

"డాక్టరు దగ్గరికి పదండి" అని పిన్ని చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది.

"అమ్మాయి వస్తే వెళ్తాను."

"నేను రానా?"

"నువ్వు దారంతా ఏడుస్తావు. నాకు బీపీ పెరుగుతుంది. కామెర్లొకటీ బీపీ ఒకటీనా?"

"నేను రానని చెప్పు పిన్నీ" అంది అమ్మాయి, చున్నీ లోంచి.

"అయితే నేనూ వెళ్ళను. పచ్చగా పోతాను, పచ్చగా దహనం చేయండి."

అన్నట్టే రెండు రోజులు మెట్ల మీద కదలకుండా కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున అమ్మాయి పనికి బయల్దేరుతూ, పై మెట్టు మీదున్న ఆ నారింజ పాదాల దగ్గర ఆగిపోయింది. ఏనాడూ పెద్దగా పట్టించుకోని పాదాలు. ఈయన నిజంగానే పోతే?

"లే బాబాయ్" అంది. పది రోజుల్లో ఆయనతో అన్న మొదటి మాట అదే.

డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, మెడ వంచిన దీపం. ఆవిడ తలెత్తి చూసి కళ్ళజోడు తీసేసింది.

"మళ్ళీ వచ్చారేంటి మాస్టారూ? పోయిన బుధవారమే చెప్పానుగా, కామెర్లు కాదని! కళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఆ నారింజ మాత్రల రంగే ఒంటికి పట్టింది. మింగడం ఆపారా, లేదా?"

బాబాయి ఫ్యాను వైపు చూడసాగాడు.

"రోజుకి నాలుగు మింగుతున్నాడమ్మా ఈయన" అంది డాక్టరమ్మ అమ్మాయితో. "చిన్నపిల్లలు నయం."

"నా మాత్రలు నువ్వు మింగావా?" అంది అమ్మాయి.

"ముందు నాకేమవుతుందో చూద్దామని. నాదంటే పాత కుండ, పగిలినా ఫరవాలేదు."

"మరి బుధవారమే తెలిస్తే, ఆ రోజే ఆపేయొచ్చుగా?"

"ఆపితే రంగు దిగిపోతుందన్నారమ్మా ఈవిడ."

"దిగిపోతే?"

"దిగిపోతే నువ్వు రావుగా" అన్నాడు బాబాయి. ఫ్యానునే చూస్తూ అన్నాడు.

డాక్టరమ్మ, "కాస్త పక్కకి జరగండి మాస్టారూ, నా పేషెంటుకి అడ్డొస్తున్నారు" అని దీపం అమ్మాయి వైపు తిప్పింది. "చున్నీ తీయమ్మా."

అమ్మాయి కళ్ళు మూసుకుని తీసింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు కోసం ఎదురుచూసింది. కుర్చీ ముందుకి జరిగింది.

"ఏం రాస్తున్నావు దీనికి?"

డబ్బీ బయటికొచ్చింది. డాక్టరమ్మ కంటే ముందు బాబాయి అందుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మూత తీసి లోపల చూశాడు. పేరు లేదు. ఊరు లేదు. తేదీ లేదు. ఆయన ముఖంలో పచ్చదనం కూడా పాలిపోయింది.

"నా కళ్ళ ముందే ఉంది" అన్నాడు. "నా డిపార్టుమెంటు కాదన్నాను."

"చేసిందంతా ఇదే" అంది డాక్టరమ్మ. "ఈ రోజుతో ఆపేయాలి. ఆపాక మొదట్లో ఇంకా ఎర్రబడుతుంది. భయపడి మళ్ళీ రాసుకోకు. నేనిచ్చేది వాడు. మూడు నాలుగు నెలలు పడుతుంది."

"పోతుందా?"

"పోతుంది."

మూడు నాలుగు నెలలంటే కొత్త షాపు కౌంటరు పోయినట్టే. అమ్మాయికి అది వెంటనే అర్థమైంది. అర్థమైనా ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ ఏడ్చింది 'పోదు' అనే మాట తలుచుకుని. ఆ మాట ఈవిడ అనలేదు.

"మరి బలానికి మాత్రలేమైనా..." అని బాబాయి నసిగాడు.

"రక్తపరీక్షలో ఏదైనా తక్కువని తేలితే అదొక్కటే రాస్తాను. లేకపోతే ఏదీ అక్కర్లేదు. మీరు గ్లాసులో వేసుకుంటే వేసుకోండి. మింగారంటే మాత్రం ఊరుకోను."

ముఖానికి గాలి తగలనివ్వమంది డాక్టరమ్మ. అందుకని బస్సులో చున్నీ భుజం మీదే ఉంది. సీట్లు లేవు. ఇద్దరూ పైకడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

"మీ ఓనరుకి ఏం చెబుతావు?" అన్నాడు బాబాయి.

"నాలుగు నెలలు ఆగమంటాను."

"ఆగనంటే?"

"కళ్ళజోళ్ళ షాపు ఊళ్ళో అదొక్కటేనా?"

అని తల ఎత్తింది, ఎవరెవరు చూస్తున్నారో చూద్దామని. బస్సంతా చూస్తోంది. అందరూ కడ్డీ మీదున్న బాబాయి నారింజ చేతుల్నే చూస్తున్నారు. ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ ఉండబట్టలేక, జానెడు దూరానికి ముఖం తెచ్చి, అమ్మాయిని రహస్యంగా అడిగింది.

"మీ నాన్నగారికేంటమ్మా, అలా ఉన్నారు?"

"మా బాబాయండి."

"అంటుకుంటుందా?"

అమ్మాయి ఒకసారి బాబాయి వంక చూసింది. ఆయన ఏమీ విననట్టు కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటున్నాడు.

"బయటివాళ్ళకి కాదండీ" అంది. "ఇంట్లోవాళ్ళకైతే అంటుకుంటుంది."

ఆవిడ ఎందుకైనా మంచిదని లేచి, సంచీ తీసుకుని బస్సు వెనక్కి వెళ్ళిపోయింది.

"హమ్మయ్య, సీటు దొరికింది! కూర్చో అమ్మడూ, కూర్చో" అని బాబాయి చేత్తో సీటు దులిపాడు.

అమ్మాయి నవ్వింది. నవ్వితే చెంపలు చురుక్కుమన్నాయి. అయినా ఆపలేదు.