ఆముదం గిన్నె

గుంటూరు మిరపకాయల గోదాములో మేం ఆడవాళ్లం తొడిమలు తీసేవాళ్లం. కొత్త మేనేజరుగారు రోజూ వచ్చి, మా మధ్య కింద కూర్చుని తానూ తీసేవారు. "మీకెందుకండీ ఈ పని?" అంటే, "చెయ్యకుండా మీకేం చెప్పనమ్మా?" అనేవారు.

"మన చేతుల వేగం చూసుకుంటున్నాడే. రేపు పని పెంచుతాడు," అంది పక్కన కూర్చునే మస్తాన్‌బీ. నేనూ నమ్మాను. మంట పుట్టకుండా చేతులకు ఆముదం రాసుకోవాలని ఆయనకు తెలియదు. మేమూ చెప్పలేదు.

ఓ సాయంత్రం గోదాము వెనక ఆయన ఎర్రగా వాచిన చేతులు మజ్జిగ చట్టిలో ముంచుకుని కనిపించారు. మమ్మల్ని చూడగానే చప్పున వెనక్కి దాచుకున్నారు.

"ఇదీ నాటకమేనే," అంది మస్తాన్‌బీ.

"నాటకమైతే దాచుకోవడం దేనికే?" అన్నాను.

మర్నాడు నా ఆముదం గిన్నె ఆయన వైపు జరిపాను. పని పెంచుతాడేమోనన్న అనుమానం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.