బొలోనాలో మార్చిన దిండు గలీబు

మొన్న ఇక్కడ ఆస్ట్రేలియాలో, కెల్లీవిల్‌లోని ఇంట్లో, మా అమ్మాయి అల్లుడితో ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, ఇటలీలోని బొలోనాలో ఏమేం చూడాలో చెప్పమంది. ఆ ఊరు నేనూ వెళ్లొచ్చాను కదా అని దాని ధీమా. చూడటమా, నా మొహమా! అక్కడ నాకు తెలిసినవల్లా వరండాలూ, ఒక లాండ్రీ.

అప్పటికి దానికి రెండేళ్లు. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నేను నర్సుని, మావారు పరిశోధనలో. ఆయన్ను ఇటలీ సదస్సుకు పిలిస్తే, పెళ్లయ్యాక ఎక్కడికీ తిప్పలేదన్న నా దెప్పుళ్లు పడలేక నన్నూ రమ్మన్నారు. పిల్లను పై అంతస్తులోని ఒంగోలు ఆంటీకి అప్పజెప్పి, దాని ఫొటో ఒకటి నా పాస్‌పోర్టులో పెట్టుకుని, ఏడుస్తూనే విమానం ఎక్కాను.

ఊరు అందమైనదే, కాదనను. వీధి పొడుగునా ఇళ్ల ముందు కమానుల వరండాలు, ఒకటి అయ్యేలోగా ఇంకొకటి అందుకుంటుంది. సదస్సు ముగిశాక మిగిలిన ఒక్క రోజులో పాత బురుజులు ఎక్కాలనీ, ఆ ఊరి పేరుమోసిన మాంసం కూర కలిపిన సేమ్యాలాంటిది తినాలనీ మా ఆశ.

రైలు ప్రయాణాల్లో విలువైనవి దిండు గలీబులో దూర్చి తల కింద పెట్టుకోవడం మా అమ్మ నేర్పిన విద్య. మన తరంలో చేయనిదెవరు? అక్కడా పాస్‌పోర్టులు రెండూ అలాగే దాచి, రోజూ పొద్దున తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేదాన్ని. ఆ ఒక్క రోజూ మరిచాను. బయట భోజనానికి కూర్చుని, కంచం ముందుకొచ్చాక గుర్తొచ్చింది. తినకుండానే గదికి పరుగెత్తుకొచ్చి చూస్తే, మంచం మీద తెల్లగా ఉతికిన దుప్పట్లు, కొత్త గలీబులు.

మర్నాడే విమానం. మావి భారతీయ పాస్‌పోర్టులు, ఆస్ట్రేలియాలోకి తిరిగి రానిచ్చే వీసా వాటిలోనే ఉంది. అవి పోతే నా బిడ్డను ఎప్పటికి చేరతానో చెప్పే నాథుడు లేడు. మేం దిగిన హోటలాయన లాండ్రీ చిరునామా రాసిచ్చాడు. బయట కుండపోత వాన. ఆ వరండాల కిందే, ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి, "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ పరుగెత్తాను. మావారు చిరునామా కాగితం పట్టుకుని పక్కనే వచ్చారు.

లాండ్రీలో ఒక ముసలావిడ. దిండు ఆకారం, పుస్తకం ఆకారం చేతులతో చూపించి, చివరికి పిల్ల ఎత్తెంతో చూపేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ మమ్మల్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. పాస్‌పోర్టులు రెండూ అక్కడున్నాయి. నా బిడ్డ ఫొటోను మాత్రం విడిగా తీసి, తడి తగలకుండా గోడకు ఆనించి నిలబెట్టింది. తన భాషలో నన్ను చెడామడా చీవాట్లు పెట్టింది. అర్థం కాకపోవడమేమిటి, అచ్చం మా అమ్మ గొంతే! నా చేతుల్లో తన భోజనం డబ్బాలోని వేడి చారు పోసిన గిన్నె పెట్టింది. అందులో గోరంత కజ్జికాయల్లాంటివి తేలుతున్నాయి. అంత రుచి మళ్లీ ఎక్కడా ఎరగను.

ఇదంతా విని మా అమ్మాయి నవ్వింది. "Relax అమ్మా, పాస్‌పోర్ట్స్ సేఫ్‌లో పెడతాం, బాబుతో daily వీడియో కాల్ చేస్తాంలే," అంది. వాళ్లు తిరిగొచ్చేదాకా దాని రెండేళ్ల కొడుకు నా దగ్గరే. ఇప్పుడు ఒంగోలు ఆంటీని నేనే. అది చెప్పిందీ నిజమే, ఈ కాలానికి మా భయాలు అక్కర్లేదు. అయినా మనసు ఊరుకోక వాడి ఫొటో కోసం ఇల్లంతా వెతికాను. ఫోన్లలో వేలకొద్దీ ఉన్న పిల్లాడికి కాగితం మీద ఒక్కటీ లేదు. షాపులో ఒకటి వేయించి తెచ్చి, మా అమ్మాయి చూడకుండా దాని పాస్‌పోర్టులో పెట్టాను.