వించి దగ్గర మా నాయన మేలుకునే ఉన్నాడు

మా వీధిలో సైకిలు పోతే మూడుసార్లు బెల్లు కొట్టేవాళ్లు. ఎదురుగా కుక్క కూడా లేకపోయినా సరే, మా గడప ముందుకు రాగానే మూడుసార్లు. తర్వాత సైకిళ్లు పోయి మోటరుసైకిళ్లు వచ్చాయి. బెల్లు పోయి హారను వచ్చింది, ఆ మూడు మాత్రం పోలేదు. అది ఎందుకో తెలియని పిల్లకాయలు కూడా పెద్దవాళ్లను చూసి కొట్టేవాళ్లు. చీపురు పట్టుకుని వీధిలోకి ఉరికి ఎంతమందిని ఏడు తరాలూ కలిపి తిట్టానో నాకే తెలియదు. మా నాయన మాత్రం ఆ చప్పుడు వినగానే అరుగు మీది నుంచి లేచి లోపలికి పోయేవాడు.

వేంపల్లె దాటి కొండల్లోకి పోతే మా ఊరు. ఊరి వెనక రాతినార గని ఉండేది. రాతి పొరల్లో దూది పింజల్లా నార ఉంటుంది, దాన్ని తీసి రేకులు చేసేవాళ్లకు పంపేవాళ్లు. ఆ గని బావిలా నిలువుగా ఉండదు, ఏటవాలుగా భూమిలోకి దిగే సొరంగం. అందులో పట్టాలు, పట్టాల మీద ఇనుప తొట్టి, తొట్టికి ఇనుప తాడు. ఆ తాడును చుట్టి తొట్టిని పైకి లాగే యంత్రం వించి. మా నాయన ఆ వించి నడిపేవాడు. గని అడుగున ఒక బొత్తాం ఉండేది, దాన్ని నొక్కితే పైన వించి షెడ్డులో గంట మోగుతుంది. ఒకటి కొడితే ఆపమని, రెండు కొడితే రాయి ఎక్కించాం లాగమని, మూడు కొడితే మనుషులం ఎక్కాం లాగమని. గంట లేనిది తాడు కదలకూడదు. తొందరపడి కదిలిస్తే కింద ఎవరి కాలో తొట్టి కింద పడి నలిగిపోతుంది.

నేను బడికి పోయే వయసులో ఒకరోజు అడుగున ఇద్దరు మనుషులు రాతికి మందు కూరి ఒత్తి అంటించారు. ఒత్తి అంటించడం, తొట్టిలోకి ఎక్కడం, మూడు కొట్టడం వాళ్లకు రోజూ అలవాటైన పనే. ఆ రోజు తాడు కదలలేదు. మందు పేలింది. ఇద్దర్నీ గోనెపట్టల్లో చుట్టి తెచ్చారు. ఒకతను బద్వేలు వైపు నుంచి పనికి వచ్చినవాడు, అతని వాళ్లు వచ్చి తీసుకుపోయారు. రెండో మనిషి మా ఎదురింటి మామ. మామ అంటే వరస కలిపి పిలుచుకోవడమే కానీ, మా నాయనా ఆయనా ఒక కంచంలో తిన్నవాళ్లు.

గని పెద్దలు వచ్చారు. షెడ్డు బయటే గంట తీగకు బొత్తాం తగిలించి నొక్కి చూశారు. గంట మోగింది. ఇంకేముంది, గంట బాగుంది, వించివాడే నిద్రపోయాడని తేల్చేశారు. కింద దాకా పోయి చూడండయ్యా అని మా నాయన వాళ్ల కాళ్లు పట్టుకున్నాడట. శవాలు మోసింది కూలీలు, పేలిన గనిలోకి పెద్దలు ఎందుకు దిగుతారు? ఎదురింటి అత్త మా గడప ముందుకు వచ్చి నిజంగానే దోసిళ్లతో దుమ్మెత్తి పోసింది. నిద్రపోతు నా మొగుణ్ణి తిన్నాడని అరిచింది. ఆ దుమ్ము మా అమ్మ అన్నం కుండలో పడింది. గని ఆ రోజుతోనే మూతబడింది కానీ అత్త నోరు మూతబడలేదు.

మనుషులు ఎంత చెడ్డవాళ్లో నేను మా చర్చిలోనే నేర్చుకున్నాను. ఆదివారం గంట కొట్టగానే ఎవరో ఒకరు మా నాయన వైపు తిరిగి, ఏమప్పా, వినపడిందా, అనేవాళ్లు. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే, లేపండప్పా ఆయన్ని, అనేవాళ్లు. పాస్టరు అయ్య కూడా నవ్వు ఆపుకోవడం నేను ఈ కళ్లతో చూశాను. నాయన చర్చికి పోవడం మానేశాడు. దేవునికి కూడా మొహం చాటేశాడని దానికీ ఒక మాట అన్నారు. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది. మా అమ్మ ఆ మాటలు పడలేకే ముందు పోయింది.

పెళ్లయ్యాక నేను వేంపల్లెలో టిఫిన్ అంగడి పెట్టుకున్నాను. నాయన్ని వచ్చి నా దగ్గర ఉండమని ఎన్నిసార్లు బతిమాలానో. వస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది పాపా, అని ఒకటే మాట. గని దుమ్ము ఆయన రొమ్ములో దిగి, పోయిన ఎండాకాలానికి మంచం పట్టాడు. నేనే అంగడి మా ఆయనకు అప్పగించి ఊరికి వచ్చేశాను. ఒకరోజు గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పాపా, నేను నిద్రపోయినానేమో," అన్నాడు.

ఇన్నేళ్లూ ఊరంతా ఒక మాట మీద ఉన్నా ఆయన ఇంకో మాట మీద ఉన్నాడు. ఇప్పుడు ఆయన మాట కూడా ఆయన్ని వదిలేసిపోయింది. ముప్పై ఏళ్లుగా అదే మాట చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే ఎవరికైనా తల తిరుగుతుంది. కళ్లు మూసుకుంటే ఆ షెడ్డులో తను గుర్రు పెడుతున్నట్టే కనపడుతుందట. దేవుని ముందుకు పోయి ఏమని చెప్పుకోవాలి పాపా, అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు కడుపు మండిపోయింది. చచ్చేలోపల ఈ మనిషికి తను మేలుకునే ఉన్నానని తెలియాలి, అంతే. ఇంకేమీ నాకు అక్కర్లేదు.

అదే వారం వేంపల్లెలో పాత ఇనుము కొనే భాయ్ నా అదృష్టం కొద్దీ మా గనికే వచ్చాడు. గుజిరీ అంగడి ఆయనది, నా ఇడ్లీలు తినని రోజు ఉండదు. గనిలో మిగిలిన పట్టాలూ పైపులూ కోసుకోవడానికి మాట్లాడుకున్నానని చెప్పాడు. గంట తీగ ఏ వైపు ఉంటుందని నేను నాయన్ని అడిగాను. ఎడంచేతి గోడ వెంబడి సన్న పైపు, అందులో తీగ అని చెప్పాడు. నేనూ గనిలోకి దిగుతానంటే భాయ్ తల గోక్కున్నాడు. ఆడవాళ్లు దిగితే రాయి రాలుతుందంట కదా అక్కా అన్నాడు. మగవాళ్లే దిగినప్పుడు ఇద్దర్ని మింగింది, నేను దిగితే కొత్తగా మునిగేదేముంది అన్నాను.

పొద్దున్నే పోయాం. ముందు వించి షెడ్డు. పైరేకులు ఎవరో ఎత్తుకుపోయారు. వించి మాత్రం కదిలించలేక వదిలేసినట్టుంది. చుట్టకు మిగిలిన నాలుగు చుట్ల ఇనుప తాడు తుప్పుతో ఒకే ముద్దయింది. మీట పిడి మా నాయన అరచేతి రాపిడికి అరిగి నునుపుగా ఉంది. దాని పక్కనే ఆయన కూర్చున్న రాయి. ఆనుకోవడానికి వెనక గోడ కూడా లేదు, ఏటవాలు రాయి. ఒక నిమిషం కూర్చుని చూశాను, నడుము పట్టేసింది. దాని మీద కూర్చుని నిద్రపోగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ పెద్దలు ఒక్కడైనా ఆ రాతి మీద కూర్చుని చూశాడా? చూడలేదు.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని లోపలికి దిగాం. గబ్బిలాల కంపు. పట్టాల కింద దుంగలు చివికి కాలు పెడితే దిగబడుతున్నాయి. భాయ్ ముందు, ఆయన మనుషులిద్దరు వెనక, నడుమ నేను గోడ పట్టుకుని. టార్చి వెలుగులో గోడ పగుళ్లలో నార ముసలాయన గడ్డంలా వేలాడుతోంది. దాన్ని ముట్టుకోవద్దక్కా, అదే మీ నాయన రొమ్ములో ఉండేది, అన్నాడు భాయ్. సొరంగం చివర తొట్టి పక్కకు ఒరిగి ఉంది. దాన్ని ఎవరూ పైకి తేలేదు. ఒక వైపు రేకు లోపలికి వంగిపోయి ఉంది. ఆ తొట్టిలో నిలబడి వాళ్లిద్దరూ బొత్తాం నొక్కుతూనే ఉండి ఉంటారు.

పైపు అక్కడిదాకా రాలేదు. కాస్త పైనే ఆగిపోయింది, అక్కడి నుంచి తీగ మేకుల మీద వేలాడింది. భాయ్ టార్చి ఆనించి చూసి నన్ను పిలిచాడు. పైపులోంచి వచ్చింది రాగి తీగ. దాని కొసకు మెలిపెట్టి, పైన గుడ్డపేలిక చుట్టి, ఇంకేదో తీగ కలిపారు. ముట్టుకుంటే పొడి రాలింది. తుప్పు.

"ఇది దొంగపని అక్కా. రాగి కోసుకోని దాని జాగాలో కట్టుతీగ ఏసినారు. నీళ్లూరే తావులో ఇనుము ఎన్నాళ్లుంటాది? మా అంగడికి ఇట్లాంటివి రోజూ వస్తాయి," అన్నాడు.

గంట మోగలేదు. మా నాయన చెప్పింది చెప్పినట్టు నిజం. అక్కడే, ఆ కంపులో, నేను గట్టిగా ఏడ్చేశాను. భాయ్ ఆ ముడిని రెండు వైపులా జాగ్రత్తగా కోసి నా చేతికి ఇచ్చాడు.

నాయన ఆ ముక్కను వేళ్లతో తడిమి తడిమి చూశాడు. మంచం పట్టాక చూపు ఆనడం లేదు, వేళ్లే చూశాయి. "అయితే నేను మేలుకోనే ఉండానా పాపా," అన్నాడు. మేలుకునే ఉన్నావు నాయనా, అన్నాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా గంజి తాగాడు. సాయంత్రానికి మళ్లీ కుదురు లేదు. నువ్వు నా కూతురివి, నా మనసు కోసం ఏదైనా చెప్తావు. ఎదురింటి ఆమె వచ్చి నీ తప్పు లేదప్పా అని ఒక్క మాట అంటే అప్పుడు నమ్ముతా, అన్నాడు. ఏం మనిషో! మూడు పదుల ఏళ్లు ఏ నోరు తిట్టిందో ఆ నోటితోనే వినాలట.

సరే అని పోయాను. అత్త వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. అంత జరిగాక ఆ గడప తొక్కడం అదే మొదలు. నోరు అదుపులో పెట్టుకుని, ఎవర్నీ నిందించకుండా చెప్పాను. కింద ఎవరో రాగి కోసుకున్నారు అత్తా, ఇద్దరిలో ఎవరో ఆ దేవునికే తెలుసు, నేను అడగను. నువ్వు వచ్చి మా నాయనతో ఒక్క మాట అంటే చాలు, ఆయన ప్రాణం హాయిగా పోతుంది, అన్నాను. ఆమె తీగ ముక్క వైపు చూసింది. శనక్కాయలు ఒలవడం ఆపలేదు.

"నాకు తెలీదనుకున్నావామే? వేంపల్లెకు పోయి ఆ రాగి అమ్ముకోనొచ్చింది నేనే. కట్టుతీగ ఇంట్లోనించి ఇచ్చి పంపింది గూడా నేనే."

శనక్కాయల చేట పక్కకు లాగేశాను.

"మరి మా నాయన్ని ఇన్నేండ్లు ఎందుకు తింటివి అత్తా?"

"మీ నాయన బతికుండాడు. బతికినోడు మాటలు పడతాడు. సచ్చినోడు యాడ పడతాడు?" అంది. ఇంకా అంది. "నేనొచ్చి ఆయన తప్పు లేదంటే, మరి తప్పు ఎవురిదని అడగరా ఊళ్లో? నా బిడ్డలకు బిడ్డలుండారు. పో."

దొంగే దొంగా దొంగా అని అరవడం కథల్లో విన్నాను, మా ఎదురింట్లోనే కాపురం ఉందని ఆ రోజు తెలిసింది. నోటికొచ్చిందల్లా తిట్టాను. ఆమె చేట ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.

నాయనతో ఏమని చెప్పను? రేపు వస్తానంది నాయనా, అన్నాను. తెల్లారగానే గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన చొక్కా వేయమన్నాడు. ఆమె కూర్చోవడానికి కుర్చీ తుడిచి మంచం పక్కన వేయించాడు. వాకిట్లో అడుగుల చప్పుడు అయితే చాలు, తల ఎత్తేవాడు. ఆ రోజు పోయింది. మరుసటి రోజు ఏదో పని పడిందంట నాయనా అన్నాను. ఆ సాయంత్రం ఆయన నా వైపు తిరిగి, "ఆమె రాలేదంటే నేను నిద్రపోయే ఉంటా పాపా," అన్నాడు. కాదు నాయనా, కాదు అని ఆయన రెండు చేతులూ పట్టుకుని అరిచాను. విన్నాడో లేదో తెలియదు. అదే ఆయన చివరి మాట. మర్నాడు పొద్దున ఎండ పడేసరికి పోయాడు.

మా ఇంటికి జనం రారనుకున్నాను. వచ్చారు. చావు చూడడానికి అందరూ వస్తారు. పెట్టెలో పడుకోబెట్టి, పాస్టరు అయ్య ప్రార్థన మొదలుపెట్టబోతుండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. అత్త తెల్లచీర కట్టుకుని వచ్చింది. జనం దారి ఇచ్చారు. పెట్టె అంచు మీద చెయ్యి పెట్టి, అందరికీ వినపడేలా, "నా మొగుణ్ణి తిన్నందుకు నిన్ను క్షమించినానప్పా. నా ప్రభువు నన్ను క్షమించినట్లు నేను నిన్ను క్షమించినా," అంది.

ఆమెన్ అన్నారు. ఒక్కరు కాదు, అందరూ. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఎంత మనసమ్మా నీది అన్నారు. క్షమాపణ అంటే ఏమిటో ఈ తల్లిని చూసి నేర్చుకోండి అన్నాడు పాస్టరు అయ్య.

నేను ఊరుకుంటానా? లోపలికి ఉరికి తీగ ముక్క తెచ్చి అందరి ముందూ పట్టుకుని, రాగి, కట్టుతీగ, అమ్ముకున్నది, ఆమె నోటితో చెప్పింది, అన్నీ గొంతు చించుకుని చెప్పాను. వాళ్లు నా చేతిలోని తుప్పు ముక్కను చూశారు, జుట్టు విరబోసుకున్న నన్ను చూశారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాపం, తండ్రి పోయిన బాధలో ఏందేందో మాట్లాడతాండాది, కూర్చోబెట్టండమ్మా, నీళ్లు ఇయ్యండి, అని ఎవరో అన్నారు. ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు.

అప్పుడు అత్త నా దగ్గరికి వచ్చింది. నన్ను రొమ్ముకు హత్తుకుని, ఏడవొద్దు పాపా, నేనుండా కదా, అంటూ తన కొంగుతో నా మొహం తుడిచింది. ఊరంతా చూస్తూ ఉంది. ఆమె నింపాదిగా, చెంపలూ ముక్కూ అన్నీ శుభ్రంగా తుడిచేదాకా నన్ను ఎవరూ వదల్లేదు.