లాక్ తీయని జీపు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడితే, ఎవరో ఒకాయన తన ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ఎక్కించుకున్నాడు. దయతో కాదు, గొప్పలు వినడానికి మనిషి కావలసి.

"ఈ స్విచ్ చూశారాండీ? నొక్కితే వెనక చక్రాలు రెండూ లాకై ఒక్కలాగే తిరుగుతాయి. ఎంత బురదలోంచైనా లాగేస్తుంది. ఈ లాక్ నేనసలు తీయనే తీయను."

ఆయన రోజూ తిరిగేది ఇంటికీ కొట్టుకీ మధ్య. ఆ తారురోడ్డు మీద బురద కాదు కదా, తడి కూడా లేదు. "మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదండీ, లాక్ వేస్తే ఎలా?" అన్నాను. బస్సులో తిరిగేవాళ్లకు బండ్ల సంగతేం తెలుసన్నట్టు నవ్వాడు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారులు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆయన బండి వెనక్కి తిప్పబోయాడు. అది మొండికేసింది. టైర్లు కీచుమంటూ రోడ్డును గీరాయి.

"విన్నారా, బలమంటే అదీ!" అన్నాడు మురిసిపోతూ.

పప్పు కలుపుతున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "సారూ, పప్పుల రబ్బరు వాసనొస్తున్నది. జర బండి బంద్ చేసి, నువ్వు గూడ తినిపో."

ఆయన అద్దం ఎత్తేసుకున్నాడు. నేను దిగి విస్తరి ముందు కూర్చున్నాను. రెండోసారి పప్పు వడ్డించేటప్పటికి కూడా ఆయన బండిని ముందుకీ వెనక్కీ అరిపిస్తూనే ఉన్నాడు.

ఇప్పటికీ ఎవరైనా గొంతు చించుకుని తనదే బలమంటే, నాకు ఆ పప్పు గుర్తొచ్చి ఆకలేస్తుంది.